అన్న కనుక్కున్న చుక్క

సెప్టెంబర్ 21
అన్న కేకకి దుకాణం వదిలేసి ఇంట్లోకి పరుగెత్తాను. "చెల్లె, ఇటు రా! ఇది కదులుతుంది!"
లాప్‌టాప్‌లో ఆకాశం ఫొటోలు నాలుగు. ఒకే చోటు, కాసేపటికొకటి తీసి, కొత్త రాళ్లేమైనా ఉంటే వెతకమని టెలిస్కోప్ వాళ్లు పంపినవి. చుక్కలన్నీ నిలకడగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఫొటో ఫొటోకీ కొంచెం జరుగుతోంది... అన్న వేలు పెట్టి చూపిస్తే గానీ నాకు కనపడలేదు.
గడ్డపోతారం ఫ్యాక్టరీలో కళ్లలో రసాయనం పడి ఇంటికి వచ్చేశాక, అన్న ఇంత గట్టిగా అరవడం ఇదే మొదటిసారి.

సెప్టెంబర్ 30
ఫొటోలు పంపినవాళ్ల నుంచి మెయిల్ వచ్చింది. ఇంకో రాత్రి కూడా చూశారట, దొరికిందట. కొత్తదే! కుజుడికీ గురుడికీ నడుమ తిరిగే రాయి. చాలా మసక. ఎంత పెద్దదని అన్నని అడిగితే, "గీ పటాన్‌చెరు నుంచి కర్దనూరు దాక ఉంటదేమో, గంతే" అన్నాడు.
ఇప్పటికి తాత్కాలిక నంబరే. మళ్లీ మళ్లీ కనపడి, తిరిగే దారి ఖాయమైతేనే పేరు.
పాయసం చేశాను.

అక్టోబర్ 27
కంటి డాక్టర్. కుడి కన్ను ఎలాగూ పోయింది. ఇప్పుడు ఎడమది కూడా... "ఇంతకంటే చేసేదేం లేదమ్మా."
బస్సులో పటాన్‌చెరు దాటాక అన్న — "ఆ రాయి సూర్యుని అవతలికి పోతది. మళ్ల కనపడాల్నంటే ఏడాది పైనే."


డిసెంబర్ 2
ఫ్యాక్టరీలో అన్నతో పనిచేసిన యాదగిరి వచ్చాడు. "నీ రాయికి ఏం పేరు పెడ్తవన్నా?"
"ముందుగాల మళ్ల దొరకనీ."

మార్చి 9
పక్కనే ఉన్న గ్లాసు కోసం అన్న తడుముతున్నాడు. చూడనట్టు కూర్చున్నాను.

జనవరి 23
ఏడాది దాటింది. కొత్త ఫొటోలు వచ్చాయి. అన్న రాయి వీటిలో ఉండొచ్చట.
పొద్దంతా తెరకి ముక్కు ఆనించి కూర్చున్నాడు. చివరికి కుర్చీ నాకిచ్చాడు. "నువ్వు సూడు చెల్లె. జెర నిమ్మలంగ."
చూశాను. కాసేపు అన్నీ కదిలాయి. కాసేపు ఏదీ కదల్లేదు.

జనవరి 25
మూలలో ఒకటుంది. మూడు ఫొటోల్లో ఉంది, నాలుగోదాంట్లో లేదు. రాయో, మచ్చో... అన్న పక్కనే ఉన్నాడు, కళ్లు మూసుకుని.
"సీద పోతుందా, వంకరనా?"
"సీదనే... ఏమో అన్నా, నాకు తెలుస్తలేదు."
కోప్పడితే బాగుండు. కోప్పడడు.
"మళ్ల మొదటిది పెట్టు" అంటున్నాడు.