అత్తయ్య అంపైరింగ్

మార్చి 4
ఆయన ఆసుపత్రి నుంచి వచ్చి పన్నెండు రోజులు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటున్నారు. దర్జీగా ఇరవై ఏళ్ళు కత్తెర పట్టిన చెయ్యి. రబ్బరు బంతి పిసకమంటే, నేనేమన్నా పసివాడినా అన్నారు. స్ట్రోక్ తర్వాత మొదటి నెలలే కీలకమని, ఇలా మొండికేస్తే వేళ్ళు బిగుసుకుపోతాయని ఫిజియో నన్ను పక్కకి పిలిచి చెప్పాడు.

మార్చి 7
గ్లాసు చప్పుడు చేసిందని మా అమ్మాయి పిచ్చుక మీద అరిచాను. తొమ్మిదేళ్ళ పిల్ల. ఇంట్లో అందరం పిల్లుల్లా నడుస్తున్నాం.

మార్చి 9, సాయంత్రం 5
ఒకటే వాన. బయటికి పోలేక పిచ్చుక రెండు జతల సాక్సులు బంతిలా ఉండచుట్టింది. వాళ్ళ నాన్న కొలతబద్ద బ్యాటు, స్టూలు వికెట్టు, హాలు గ్రౌండు. డెబ్భై నాలుగేళ్ళ మా అత్తయ్య అంపైరు. ఆవిడకి క్రికెట్ ఓనమాలు తెలీవు. మొదటి బంతికే నాకు ఔటిచ్చారు. బంతి నన్ను తాకనేలేదు మొర్రో అంటే, నీ మొహంలోనే తెలుస్తోంది ఔటని అన్నారు.
ఆయన నవ్వారు! ఒకవైపే, వంకరగా. వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాను.

మార్చి 10
రోజూ ఆరింటికి మ్యాచ్. ఫ్రిజ్ మీద పిచ్చుక నోటీసు. నాన్న బౌలరట. కుర్చీలోంచే.

మార్చి 15
పిచ్చుక కొత్త రూలు పెట్టింది: ఎడమచేత్తో వేస్తే నోబాల్. ఆయన మొహం కందగడ్డ అయింది. విసురుగా లేచి గదిలోకి పోయారు. పిల్ల ఏడుపు. తప్పు చేశామేమో అనుకున్నాను.
అత్తయ్య వెనకాలే వెళ్ళారు. నడక నేర్చుకునేటప్పుడు ఎన్నిసార్లు పడ్డావో నేను లెక్కపెట్టలేదురా, ఇప్పుడూ పెట్టను, రా, అనడం హాల్లోకి వినిపించింది.
వచ్చారు. కుడిచేత్తో వేశారు. బంతి ఆయన పాదాల మీదే పడింది. అత్తయ్య రెండు చేతులూ చాచి, వైడ్! అన్నారు.
ముందు నవ్వింది ఆయనే.

మార్చి 22
బంతి సోఫా దాకా వెళ్ళింది. పక్కింటావిడ చప్పుడేమిటని అడిగింది. గెలుస్తున్నామండీ అన్నాను.

మార్చి 30
ఫిజియో వేళ్ళు విప్పి చూసి, ఏం ఎక్సర్‌సైజ్ చేస్తున్నారని అడిగాడు. బౌలింగ్ అన్నారు ఆయన, రాజసంగా. నమ్మకపోతే బ్యాటు పట్టమన్నారు. పాపం పట్టాడు. రెండో బంతికి స్టూలు మీద ధబ్! పిచ్చుక వేసిన కేకకి వీధిలో స్కూటర్ ఆగింది. ఔటా కాదా అని అందరం అత్తయ్య వైపు చూశాం. డాక్టరుకి ఇంకో అవకాశం ఇవ్వాలన్నారు ఆవిడ, మర్యాదకి. ఇచ్చాం. మళ్ళీ ఔట్.

ఏప్రిల్ 6
అడక్కుండా నీ డైరీ తెరిచాను, తిట్టకు. కుడిచేత్తోనే రాస్తున్నా. ఇంతకే అరగంట పట్టింది. ఇవాళ నువ్వు క్లీన్ బౌల్డ్. అమ్మ ఏమన్నా సరే.