పద్నాలుగో నంబరు విమానం మీద చెరిపిన గుర్తు

చిరంజీవి అమ్మాయికి మీ నాన్న దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఒంటి వరకు చూసుకుంటే ఆ మాట నిజమే. మీ అమ్మకు మడమ నొప్పి కాస్త తగ్గింది, రెండు నెలలుగా పీడించిన దగ్గు నన్ను వదిలింది. మిగతా క్షేమం సంగతి ఈ ఉత్తరం చదివాక నువ్వే తేల్చుకో. నీ ఉత్తరం చేరి పదకొండు రోజులైంది. బదులు రాయలేదని అలిగి ఉంటావు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చించేశాను.

నువ్వు పనిచేసే మ్యూజియానికే ఆ పద్నాలుగో నంబరు విమానం రావడమేమిటి, దాని యుద్ధ చరిత్ర బోర్డు మీద రాసే పని నీ నెత్తినే పడడమేమిటి! "పన్నెండేళ్ళు దాని కిందే పడుకున్నావు కదా నాన్నా, నీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?" అని రాశావు. నిజమే. కట్టుకున్న మనిషి ముఖం కన్నా దాని పొట్టనే ఎక్కువ చూశానని మీ అమ్మ దెప్పేది. నువ్వడిగిన నాలుగు ప్రశ్నల్లో మూడింటికి చకచకా చెప్పగలను. నాలుగోదానికి నిదానంగా వస్తాను. తొందరపెట్టకు.

అది అంత మొద్దుగా ఎందుకుందని చూడవచ్చిన పిల్లలు అడుగుతున్నారన్నావు. మేం దాన్ని 'దున్న' అనేవాళ్ళం. ఆకాశంలో ఒకదాన్నొకటి తరుముకునే విమానాలు వేరు, అవి సన్నగా సోకుగా ఉంటాయి. మా దున్నకు ఆకాశంతో పని లేదు. చూపంతా నేల మీదే. కింద పోయే మన సైనికులకు అడ్డుపడే ట్యాంకుల్నీ ఫిరంగుల్నీ కొట్టి దారి చెయ్యడమే దాని కొలువు. అందుకు చెట్ల కొసలు ఊగేంత కిందుగా ఎగరాలి. అంత కిందుగా వెళితే తుపాకీ చేతిలో ఉన్న ప్రతివాడూ కాలుస్తాడు. అందుకే పైలట్ చుట్టూ తొట్టిలాగా మందపాటి ఉక్కు బిగించారు. ఒక ఇంజను చచ్చినా రెండోదానితో ఈడ్చుకుంటూ ఇల్లు చేరేలా కట్టారు. ముక్కులో ఫిరంగి, రెక్కల కింద రాకెట్ల గొట్టాలు, బాంబులు ఉంటాయి. వాటిని బిగించడం నా పని. నేల మీద ఉండగా పేలకుండా వాటికి పెట్టే కాపుదల పిన్నులను ఎగరబోయే ముందు పీకి, పైలట్‌కు కనబడేలా ఎత్తి చూపించి, ఇక పొమ్మని చెయ్యి ఊపేదీ నేనే.

ఎన్నిసార్లు యుద్ధానికి ఎగిరిందో రికార్డుల్లో ఉన్న అంకెనే బోర్డు మీద రాయి. నా జ్ఞాపకం దానికి అటూ ఇటూగా ఉంటుంది, గొడవెందుకు. మూడు యుద్ధాలు చూసింది. మొదటిది మైదానంలో. తారు కరిగే ఎండలో రోజుకు ఐదుసార్లు లేచేది. దిగిన ఇరవై నిమిషాల్లో మళ్ళీ మందుగుండు నింపి పంపేవాళ్ళం. ఫిరంగి గొట్టం చల్లారకముందే చెయ్యి పెట్టి నా అరచేయి కాల్చుకున్నాను, ఆ మచ్చ నువ్వు చిన్నప్పుడు అడుగుతుండేదానివి. నాలుగో రోజున వంతెన కాపలా ట్యాంకులు ఏడింటిని ఒక్క పూటలో కొట్టింది. రెండో యుద్ధం కొండల్లో. అక్కడ గాలి పలచన, ఇంజన్లకు ఊపిరాడేది కాదు. వారం రోజులు వేసిన ప్రతి బాంబూ శిఖరానికి ఇవతలో అవతలో పడింది. చివరికి మా పొడుగు సారు లోయ వెంబడి మలుపులు తిరుగుతూ పక్కనుంచి వెళ్ళి ఆ శిఖరం మీది ఫిరంగుల నోరు మూయించారు. పొడుగు సారంటే ఆ విమానం పైలట్. సీట్లో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. ఎక్కే ముందు దున్న చెంప మీద ఒక్కటి చరిచి, "పదవే, ఆలస్యమైంది" అనేవారు.

ఎడమ రెక్క కింద వేరే రంగు రేకు అతుకు కథ కూడా ఆ కొండల్లోదే. తలుపంత రంధ్రంతో తిరిగొచ్చింది. పనికిరాకుండా పోయిన ఇంకో విమానం రెక్క కోసి, రెండు రోజులు తిండీ తిప్పలూ లేకుండా అతికించాం. ఆ రంగు తేడా పోగొట్టనివ్వకు. ఎవరైనా మెరుగులు దిద్దుతామంటే అడ్డుపడు.

ఇక నీ నాలుగో ప్రశ్న. పైలట్ కిటికీ కింద నల్లరంగుతో వేసిన చిన్న చిన్న గుర్తులు, ట్యాంకులు, లారీలు వరుసగా ఉన్నాయనీ, పదో గుర్తుకూ పదకొండోదానికీ మధ్య ఒకదాన్ని ఎవరో గీకి చెరిపినట్టుందనీ రాశావు. "ఎవరు చెరిపారు నాన్నా? ఎందుకు?" అని అడిగావు.

చెరిపింది నేనే తల్లీ.

మీ మేనమామ గురించి నీకు తెలిసింది ఆ గోడ మీది ఫోటో, అమ్మ చెప్పిన నాలుగు ముక్కలు. మూడో యుద్ధంలో లారీ నడుపుతుండగా శత్రువు ఫిరంగి గుండు పడి పోయాడని. వాడు నాకు బావమరిదే కానీ తమ్ముడిలాగే తిరిగేవాడు. సైన్యంలో డ్రైవరుగా చేర్పించింది కూడా నేనే. సెలవులకొస్తే నన్ను ఆటపట్టించేవాడు. "నీ దున్నకు హారన్ లేదు కదా బావా, ఎదురొస్తే ఎలా తెలుస్తుంది?" అనేవాడు.

ఆ యుద్ధం తొమ్మిదో రోజు పొద్దున పొడుగు సారు ఎక్కి కూర్చున్నారు. ఇంజన్లు రెండూ అందుకున్నాయి. ఆ చప్పుడులో పక్కవాడు అరిచినా వినబడదు. సందేశాల గుమాస్తా పరుగెత్తుకుంటూ వచ్చి నా చేతిలో ఒక కాగితం కుక్కి, పైలట్ వైపు వేలు చూపించి వెళ్ళిపోయాడు. నా రెండో చేతిలో పిన్నులున్నాయి. కుడి రెక్క కింద ఇంకొకటి పీకాలి. కాగితం చొక్కా జేబులో పెట్టుకుని ఆ పిన్ను పీకాను. ముందుకొచ్చి అన్నీ ఎత్తి చూపించాను. సారు తల ఊపారు. నా చెయ్యి అలవాటు కొద్దీ పొమ్మని ఊపింది.

పది అడుగులు కదిలాక గుర్తొచ్చింది. చేతులు రెండూ ఊపుతూ వెంట పరుగెత్తాను. వీడ్కోలు చెబుతున్నాననుకుని ఆయన కూడా నవ్వి చెయ్యి ఊపారు.

అప్పుడు కాగితం విప్పి చదివాను. మన లారీలు అనుకున్నదానికంటే ముందే నది దాటాయి, అవతలి రోడ్డు మీద దేన్నీ కొట్టవద్దు అని ఉంది.

రేడియో గది అక్కడికి రెండు వందల అడుగులు. శత్రువు వింటాడని విమానంతో మాట్లాడ్డం నిషేధమే కానీ, ప్రాణాల మీదికొస్తే మాట్లాడేవాళ్ళు. ఇంకో పది నిమిషాలు ఆయనకు మాట అందేది. నేను వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. వెళితే నా తప్పు బయటపడుతుంది. మన లారీల మీద నారింజ రంగు గుడ్డ పరుస్తారు కదా, సారు చూస్తారులే అనుకున్నాను. ఇంకెవరైనా చెప్పే ఉంటారులే అనుకున్నాను. అనుకుంటూ, ఖాళీ అయిన రన్‌వే వైపు చూస్తూ నిలబడ్డాను. అంతే.

సారు గంటకు తిరిగొచ్చారు. "పదకొండు లారీలు! ఒక్క రాకెట్ కూడా వృథా పోలేదయ్యా" అన్నారు. ఎప్పటిలాగే నేనే రంగు డబ్బా తెచ్చి లారీ గుర్తు వేశాను. వెయ్యకపోతే ఎందుకని అడుగుతారు కదా.

మర్నాడు ఆ లారీలు మనవేనని కబురొచ్చింది, చనిపోయినవాళ్ళ జాబితా వచ్చింది. అందులో వాడి పేరు ఆరోది.

విచారణకు పెద్ద అధికారి వచ్చారు. కాగితం విమానం దగ్గర అందజేశానన్నాడు గుమాస్తా. నాకేమీ అందలేదన్నారు పొడుగు సారు. అధికారి నావైపు తిరిగి, "పైలట్ చేతికిచ్చావా?" అని అడిగారు.

"ఇచ్చాను సార్" అన్నాను.

పొడుగు సారు నా ముఖంలోకి ఒకసారి చూసి, తనే మరిచిపోయారేమో అన్నట్టు తన జేబులు తడుముకున్నారు. ఒకటి, రెండోది, మళ్ళీ మొదటిది. ఆ చేతులు నాకిప్పటికీ కనబడతాయి. ఆయన్ని విమానం ఎక్కనివ్వలేదు మళ్ళీ. ఏదో ఊళ్ళో గిడ్డంగి పర్యవేక్షణకు పంపారు. పోయిన ఏడాది పోయారని తెలిసింది. కడచూపుకు వెళ్ళే ముఖం లేక వెళ్ళలేదు. చనిపోయినవాళ్ళ ఇళ్ళకు మాత్రం శత్రువు ఫిరంగులే కారణమని ఉత్తరాలు పంపి దస్త్రం మూసేశారు. విచారణ జరిగిన సాయంత్రం చాకు తీసుకుని నేను వేసిన గుర్తు నేనే గీకేశాను.

ఇంటికి వచ్చేసరికి మీ అమ్మకు ఆరో నెల. లోపల నువ్వు. తమ్ముడు పోయిన దుఃఖంతో అన్నం ముట్టడం లేదు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఇంకో చెడ్డ మాట ఆవిడ చెవిన పడకూడదు" అని గట్టిగా చెప్పింది. నువ్వు పుట్టాక చెబుదామనుకున్నాను. నువ్వు పుట్టాక, నడిచాక అనుకున్నాను. తర్వాత అనుకోవడం కూడా మానేశాను. ఆ కాగితం అంటావా, నా చొక్కా ఉతికింది మీ అమ్మే. "జేబులో ఏదో కాగితం ఉండిపోయిందండీ, నాని ముద్దయింది. పనికొచ్చేదా?" అంది. "కాదు" అన్నాను. రుజువు కావాలంటే నా దగ్గర ఈ నోరు తప్ప ఇంకేమీ లేదు.

మీ అమ్మ ఇన్నేళ్ళూ నమ్మిందేమిటో నీకు తెలుసు. తమ్ముణ్ణి చంపినవాళ్ళ మీద ఆ విమానం పగ తీర్చిందని. ఆ విమానం ప్రదర్శన ప్రారంభోత్సవం నాడు నాలుగు మాటలు మాట్లాడమని మీ మ్యూజియంవాళ్ళు పిలిచినప్పటి నుంచి కుట్టుమిషను ముందు కూర్చుని ఆ మాటలే వల్లె వేసుకునేది. పోయిన ఆదివారం మధ్యాహ్నం కర్టెన్ అంచు కుడుతూ, "ఏమండీ, 'నా తమ్ముడి తరఫున ఈ విమానానికి దణ్ణం పెడుతున్నాను' అంటే బాగుంటుందా?" అని అడిగింది.

ఇక ఊరుకోలేకపోయాను. అన్నీ చెప్పాను. కాగితం, జేబు, రేడియో గది, విచారణలో అబద్ధం, ఏదీ వదల్లేదు. మిషను చక్రం మీద చెయ్యి అలాగే ఉంది. ఒక్కటే అడిగింది.

"అది మన విమానమని వాడికి తెలిసిందా?"

తల్లీ, తెలియలేదు అనాలని నా మనసు ఎంత పీకిందో చెప్పలేను. కానీ ఆ రోజు బతికి బయటపడ్డ ఒక సైనికుణ్ణి ఆసుపత్రిలో కలిసి నేనే అడిగాను. అందరూ పొలాల్లోకి దూకి పరుగెత్తుతుంటే మీ మామ లారీ బానెట్ ఎక్కి నారింజ గుడ్డ ఊపాడట. విమానం అంత కిందుగా రావడంతో నంబరు చదివి, "ఆగండ్రా, పారిపోకండి! మనదే, మా బావ విమానమే!" అని అరిచాడట. ఆ మాట విని ఇద్దరు వెనక్కి కూడా వచ్చారట.

"తెలిసింది" అన్నాను. వాడన్న మాటలు కూడా చెప్పాను.

మీ అమ్మ ఏడవలేదు. అంచు మిగతాది కుట్టి, దారం తెంపి లేచింది. అప్పటినుంచి వేళకు వండుతోంది, వడ్డిస్తోంది. కూర చాలా అని కూడా అడగదు. నా కంచం పెట్టి తను వంటింట్లో కూర్చుంటుంది. నేనేం చెయ్యాలి? కాళ్ళు పట్టుకోబోతే పక్కకు జరిగింది. తిడితే బాగుండు. ఈ ఇంట్లో నేనూ ఒక సామానులా ఉన్నాను, తీసి పక్కన పెట్టడానికి కూడా ఎవరికీ ఓపిక లేని సామాను.

నువ్వు పంపిన బోర్డు చిత్తులో "గురి ఎన్నడూ తప్పని విమానం" అని ఒక మాట ఉంది. అది కొట్టెయ్యి. అబద్ధమని కాదు. ఆ రోజు కూడా తప్పలేదు. తక్కినది ఏం రాస్తావో నన్నడగకు. మీ పై అధికారులు ఒప్పుకోరని నాకు తెలుసు, దస్త్రంలో లేనిది ఎలా రాస్తామంటారు. నువ్వు రాసినా రాయకపోయినా కాదనే హక్కు నాకు లేదు. వీలైతే పొడుగు సారు కుటుంబం ఎక్కడుందో కనుక్కో. వాళ్ళకు నేను స్వయంగా రాస్తాను. ఆయన జేబులో ఏ కాగితమూ లేదని వాళ్ళకైనా తెలియాలి.

నిన్న పొద్దున మీ అమ్మ గుమ్మంలో నిలబడి, "నేను వచ్చే శుక్రవారం రైలుకు వెళుతున్నానని అమ్మాయికి రాయండి. మీరు రావద్దు" అంది. అయిదు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

"అక్కడ ఏం మాట్లాడతావు?" అన్నాను.

"నాకేం తెలుసు" అని లోపలికి వెళ్ళిపోయింది.

రైలు మధ్యాహ్నం మూడింటికి మీ ఊరు చేరుతుంది. స్టేషనుకు నువ్వే వెళ్ళు, ఎవరినీ పంపకు. మామ గురించి ఏం అడిగినా దాచకు, ఈ ఉత్తరం కూడా చూపించు. ప్రారంభోత్సవం శనివారం ఒక్క రోజే కదా. కానీ అమ్మ పెద్ద పెట్టె దించి సర్దింది, చలికాలం బట్టలు కూడా పెట్టింది. ఎప్పుడు తిరిగొస్తుందో తను చెప్పలేదు, నేను అడగలేదు. నీతో ఏమైనా అంటే నాకొక కార్డు ముక్క రాసి పడెయ్యి.

ఇట్లు,
మీ నాన్న