మందు పేడ

అమ్మకు,

నీ ఆరీఫా సలాం. ఇక్కడ నాయన, నేను, చుక్కావుతో సహా అందరం బాగానే ఉన్నాం. బెంగుళూరులో నువ్వు, సిమ్రానక్క, పసిది కులాసాగా ఉంటే అంతే చాలు.

ఫోనుండగా ఉత్తరమెందుకని అక్క నవ్వుతుంది. నవ్వనీ. చదివి వినిపించమను. ఈ మాటలు నాకు నోటితో రావడం లేదు.

నువ్వడిగినవి ముందు చెప్తాను. జొన్నరొట్టె మాడ్చినా నాయన కిమ్మనకుండా తింటున్నాడు. నువ్వు చెప్పినట్టే చుక్కావుకు నులిపురుగుల సూది వేయించాం, ఇప్పుడు మేత బాగా తింటోంది. పేడపురుగుల పని అయిపోయిందా అన్నావు. అయిపోయింది. అదే చెప్పాలి.

మన ఊరి మేతబీడును సోలారు పలకలకు కంపెనీవాళ్ళు అడుగుతున్నారు కదా. అందులో ఏ ప్రాణీ లేదని వాళ్ళ వాదన. పేడపురుగులను లెక్కపెడితే తెలిసిపోతుందన్నాడు కాలేజీ సారు. రకరకాల పురుగులుంటే, ఆ నేల మీద రకరకాల జీవాలు బతుకుతున్నట్టేనట. నేలలో డబ్బాలు పాతి పైన పేడ వేలాడదీస్తాం. వాసనకు వచ్చిన పురుగులు లోపల పడతాయి. "మందేసిన పశువు పేడ తేవద్దుమ్మా, దానికి పురుగులు రావు, లెక్క చెడిపోతాది" అని, పేడ తెచ్చే పని నాకిచ్చినప్పుడే సారు చెప్పాడు.

ఎండలో బీడంతా తిరిగి పేడ ఏరడానికి బద్ధకమేసిందమ్మా. మన కొట్టంలోదే ఎత్తుకుపోయాను. సూది వేసేటప్పుడు ఆవు కొమ్ములు పట్టుకున్నది నేనే, అయినా ఆ సంగతే తోచలేదు. తెల్లారి చూస్తే డబ్బాల్లో చీమలు తప్ప ఏమీ లేవు. అప్పుడు గుర్తొచ్చింది. "పేడ యాడ తెచ్చినావు?" అని సారు అడిగితే, "బీడులోదే సార్" అనేశాను.

నిన్న తిప్పమ్మవ్వ గొర్రెలు తోలుకుపోతూ మన వాకిట్లో ఆగింది.

"ఏమ్మా ఆరీఫా, బీడు సచ్చిపోయిందని రాస్తాండారంట. నువ్వు చూసినావు గదా. నిజమేనా?"

"నిజమే అవ్వా."

"నువ్వెందుకు అబద్ధమాడతావులే. ఇంగ గొర్రెలు అమ్ముకుంటా."

సిగ్గుతో నా తల నేలకు వాలిపోయింది. ఆగలేక ఆమె వెనకాలే బీడుకు నడిచాను. దారిలో ఒక పేడపురుగు గొర్రె పెంటికను దొర్లించుకుంటూ నా చెప్పును చుట్టి పోయింది.

సోమవారం పంచాయతీలో సారు తన లెక్క చదువుతాడు. అంతకు ముందే లేచి, అవ్వ ముందరే నిజం చెప్తాను. డబ్బాలు మళ్ళీ పాతమని అడుగుతాను. పనిలోంచి తీసేస్తే తీసేయనీ.

అప్పటిదాకా నువ్వు ఫోను చెయ్యొద్దమ్మా. "సూది వేయించమన్నది నేనే కదా, తప్పు నాదే" అంటావు. ఆ మాట వింటే నేను మళ్ళీ నోరు మూసుకుంటాను.

ఇట్లు,
నీకు మొహం చూపలేని చిన్న కూతురు,
ఆరీఫా