టమాటా జాడీకి పట్టిన బూజు

ఫిబ్రవరి 12, 2006, ఆదివారం

బయట చేరిన మనిషి తాకితే పచ్చడి నిజంగా పాడవుతుందా? పదమూడో ఏట నుంచి నాతోనే ఉన్న ప్రశ్న. ఎమ్మెస్సీ బోటనీలో బూజుల గురించే చదివాను, కాలేజీలో అవే చెబుతున్నాను. ఎవరైనా అడిగితే జవాబు చెప్పగలను. నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చినప్పుడే నోరు పెగలదు.

మిద్దె మీద టమాటాలు కోశాం. పెయింటు డబ్బాల్లో పద్నాలుగు మొక్కలు – రెండు బేసిన్ల పండ్లు. అత్తయ్యగారు ఒక్కో పండూ పొడిబట్టతో తుడిచి ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ వేసి జాడీలో అదిమారు. మూడు రోజులు ఊరాలి. ఇంత తతంగం ఎందుకు, ఇలాగే తినేయొచ్చుగా అని మా అమ్మాయి సింధు. దానికి టెన్త్ పరీక్షలు దగ్గరపడ్డాయి, చదువు తప్ప అన్నీ బాగున్నాయి.

ఫిబ్రవరి 15

ముక్కలు పిండి, షీటు మీద ఆరబోశాను. ఊట వేరే బేసిన్లో, పైన పల్చటి గుడ్డ. పక్క హాస్టలువాళ్లు ఇంకో అంతస్తు లేపాక మధ్యాహ్నం రెండున్నరకే మా మిద్దె మీద నీడ. సెలవు పెట్టి మరీ, షీటు పట్టుకుని ఎండ వెనకాల తిరిగాను.

ఫిబ్రవరి 16

మబ్బు.

ఫిబ్రవరి 18, శనివారం

చాలు, కలిపేద్దాం అన్నది నేనే. సోమవారం నుంచి కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు, మళ్లీ తీరిక ఉండదు. అత్తయ్యగారు ఒక ముక్క నొక్కి చూశారు. "ఇంకో ఎండ పడితే బాగుండేదేమో అమ్మాయ్" అని ఊరుకున్నారు. చింతపండు, కారం, మెంతిపిండి, వెల్లుల్లి తాలింపు. పెద్ద జాడీ, చిన్న జాడీ నిండాయి. వాడకానికి పెద్దది.

ఫిబ్రవరి 24, శుక్రవారం

పొద్దున అత్తయ్యగారు గుడికి వెళ్లారు. నేను పొయ్యి దగ్గర దోసెలు పోస్తున్నాను. పచ్చడి తియ్యమన్నాను సింధుని. కదల్లేదు.

"నాకు రెండో రోజు కదమ్మా."

ఏం కాదు, పొడి గరిటెతో తియ్యమన్నాను.

"నువ్వు తీశావా ఎప్పుడైనా?"

చాలాసార్లు అన్నాను.

అబద్ధం. పెళ్లయి పద్దెనిమిదేళ్లు, ఒక్కసారి కూడా తియ్యలేదు. ఆ మూడు రోజులూ వంట చేస్తాను, వడ్డిస్తాను, జాడీ దగ్గరికి మాత్రం వెళ్లను. 'అత్తయ్యగారూ, కొంచెం పచ్చడి తీసిపెట్టండి' అంటాను, అంతే. ఆవిడకు అర్థమవుతుంది. ఇద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అలాగే జరిగిపోయింది.

సింధు తీసింది. రెండు దోసెలు ఎక్కువే తింది. పిల్లకు ధైర్యం ఇచ్చానని సంతోషం... నా దగ్గర లేని ధైర్యం.

మార్చి 3

పెద్ద జాడీలో బూజు. తెల్లగా, అంచుల దగ్గర పచ్చగా. చిన్న జాడీ తెరిచి చూశారు అత్తయ్యగారు – నిక్షేపంలా ఉంది.

"ఎవరైనా తగిలారా?" అని మూతకేసి చూస్తూ మెల్లగా అడిగారు. నేను నోరు తెరిచేలోపే –

"నేనే నానమ్మా."

ఆవిడ జాడీకి మూత పెట్టారు. తర్వాత దాని తల నిమిరారు. "పోనీలే తల్లీ. తెలియక చేశావు."

తిడితే బాగుండేది. తిట్టి ఉంటే సింధు ఎదురు తిరిగేది.

అమ్మే తియ్యమంది అని అది చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మార్చి 4, శనివారం

సింధుని కూర్చోబెట్టి చెప్పాను. ముక్కల్లో తడి పోలేదు, ఎండ చాలలేదు, తొందరపడింది నేను, నూనె పైకి తేలలేదు. గాల్లో ఎప్పుడూ ఉండేవే ఆ బూజులు. బుద్ధిగా వింది, నా స్టూడెంట్లు వింటారే, పరీక్షలో రాయడానికి, అలాగ.

"చిన్న జాడీకీ అదే ఎండ కదమ్మా?"

అందులో బాగా ఎండిన ముక్కలు పడి ఉండొచ్చు అన్నాను. ఉండొచ్చు! రికార్డు బుక్కులో ఎవరైనా ఆ మాట రాస్తే ఎర్ర గీత గీస్తాను.

మార్చి 5, ఆదివారం

పక్కింటి లక్ష్మక్కతో ఎర్రగడ్డ రైతుబజారుకు. వాళ్ల మామగారి కాలంలో ఈ అమీర్‌పేటలోనే వాళ్లకు కూరగాయల మడులు. ఇప్పుడు కొత్తిమీర కట్ట కోసం బస్సెక్కుతున్నాం అని నవ్వుతుంది. నాకు వంకాయలు ఏరిపెట్టింది, నేను ఏరినవి తీసి పారేసి. బస్సులో జాడీ సంగతి చెప్పాను.

"గా హాస్టలు లేసినంక మీ మిద్దెకు ఎండ యాడున్నది టీచరమ్మా? గందుకే ఖరాబైంది."

మరి ఆ రోజుల్లో నువ్వు తాకుతావా అని అడిగాను.

"మా అత్త ఉన్నన్ని దినాలు ముట్టలే. ఆమె పోయినంక ముట్టిన. ఒకపారి ఖరాబైంది, ఒకపారి మంచిగున్నది. ముట్టనప్పుడు సుత ఖరాబైంది. ఏం జెప్పాలె?" కిటికీ వైపు తిరిగి, "నువ్వు సదువుకున్నదానివి, నువ్వే జెప్పు" అంది.

మధ్య స్టాపులో దిగాల్సినవాళ్లు మా మీద నుంచే దిగారు.

మార్చి 9

పెద్ద జాడీ కడిగి బోర్లించాను.

మార్చి 23, గురువారం

సింధు వంటింటి గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. "నానమ్మా, కొంచెం పచ్చడి తీసిపెట్టవా?"

నా మాటే. గొంతు కూడా నాదే. అత్తయ్యగారు ఏమీ అడగకుండా తీసి పెట్టారు.

నేను పెరుగు గిన్నె పట్టుకుని అక్కడే ఉన్నాను.

మార్చి 26, ఆదివారం

ఇవాళ నాకు మొదటి రోజు. సింధు ఫ్రెండు ఇంటికి చదువుకోవడానికి వెళ్లింది, అత్తయ్యగారు కునుకు తీస్తున్నారు. చిన్న జాడీ అలమరలో. గరిటె తుడిచి చేత్తో పట్టుకున్నాను. మూత తియ్యలేదు.

తీసినా ఏం తేలుతుంది? ఒక జాడీతో ఏదీ రుజువు కాదు. పైగా అది అత్తయ్యగారూ తినే పచ్చడి. ఆవిడకు చెప్పకుండా నా పంతం ఆవిడ కంచంలో వడ్డించడం న్యాయమా? – ఈ మాట అనుకోగానే ప్రాణం తేలికపడింది. అందుకే అనుమానం.

అబద్ధం చెప్పానని సింధుకి చెప్పాలి. అంతవరకు తెలుసు, సాయంత్రం చెబుతాను. మరి ఇన్నేళ్లూ ఎందుకు తియ్యలేదని అడుగుతుంది. ఆవిడ మీద గౌరవమని చెప్పాలా, పాడవుతుందన్న భయం నాకూ ఉందని చెప్పాలా? రెంటిలో ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.