నాయన లుంగీలు చుట్టిన కమ్మీలు

అమ్మకు,

మెర్లిన్ వందనాలు. ప్రభువు దయవల్ల నేను, చెల్లి, అవ్వ ముగ్గురమూ బాగున్నాము. అవ్వకు మోకాళ్లు మొరాయిస్తున్నాయి గాని నోరు బాగానే పనిచేస్తోంది. కువైట్‌లో నీ నడుము నొప్పి తగ్గిందా? ఫోన్లో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, సంగతి మధ్యలో పోతుంది. అందుకే సెలవు అయిపోయి అక్కడికి వస్తున్న అబిగయీలు అక్క చేతికి ఇది ఇచ్చి పంపుతున్నాను.

ఆమె తెచ్చిన నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. చెల్లి పరీక్ష పాసయింది. బోరు నీళ్లు ఇంకా ఉప్పగానే ఉన్నాయి. పెట్టెలో నాయన లుంగీలు భద్రమేనా అన్నదానికి తర్వాత చెబుతాను.

ముందు మిద్దె సంగతి. పోయిన తుపానుకు మంచం కోళ్ల కింద ఇటుకలు పేర్చి అవ్వను కూర్చోబెట్టి, మేము రెండు రోజులు మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డాము. మళ్లీ వానలకు నీళ్లందని గది ఒకటి పైన ఉండి తీరాలని అప్పుడే అనుకున్నాను. ప్లాను నేనే గీశాను. తొమ్మిదో తరగతిలో బడి మానేసి మేస్త్రి నాయన వెంట కమ్మి పనికి పోయినదాన్ని, ఫోన్లో చూసి నేర్చుకుని గీశాను. సంతకం పెట్టే లైసెన్సు ఇంజనీరు మెట్ల కొలత ఒక్కటి మార్చి, “ఎవరు గీసింది?” అని రెండుసార్లు అడిగాడు.

పంచాయతీలో కాగితాలు ఇచ్చిన వారానికే పక్కింటి జయరామయ్య అర్జీ పెట్టాడు. పై అంతస్తు కోసమని నాయన పిల్లర్ల మీద వదిలిన ఇనప కమ్మీలు తుప్పు పట్టాయట. గది కూలితే ఆయన బర్రెల కొట్టం మీదే పడుతుందట. గోడ దగ్గరకు పోయి అడిగాను.

“ఏం పెద్దాయనా, మా నాయన కట్టిన కమ్మీకే వంక పెడతావా?”

“మీ నాయన ఉంటే ఈ బాధే లేదు పాపా. నువ్వు కట్టే మిద్దె పక్కన నా గొడ్లను కట్టేయలేను, అంతే.”

నాకు ఒళ్లు మండింది. తనిఖీ రోజు దాకా ఆయన మొహం చూడలేదు.

ఆ రోజు మండలం ఇంజనీరు, పంచాయతీ కార్యదర్శి, జయరామయ్య, వెనకాల సగం వీధి మిద్దె ఎక్కారు. ఇంజనీరు చుట్టూ చూసి, “మేస్త్రిని పిలువమ్మా” అన్నాడు.

“నేనే సార్.”

“ఇంట్లో మగవాళ్లెవరూ లేరా?”

“ఉండాలని రూలుంటే చూపించండి సార్, చదువుకుంటాను.”

కింద నుంచి అవ్వ, “దాంతో పెట్టుకోబాక నాయనా, వచ్చిన పని చూసుకుని పో” అంది. అందరూ నవ్వారు.

ఇంజనీరు ఒక పిల్లరు కమ్మి కొనకు బోర్లించిన బాటిల్ తీసి, దాని కింద చుట్టిన గుడ్డ విప్పి, కమ్మిని సుత్తితో కొట్టాడు. పొరలు పొరలుగా రాలింది. వేలిమందం కమ్మి పెన్సిలంత మిగిలింది.

“ఈ గుడ్డ చుట్టింది ఎవరు?” అన్నాడు ఇంజనీరు.

అమ్మా, ఆ గుడ్డలు నాయన లుంగీలే. నాయన ఏటా వానలకు ముందు కమ్మీలకు సిమెంటు పాలు పూసేవాడు. ఆయన పోయాక, ఈ ఉప్పుగాలికి పూత చాలదని పెట్టె తెరిచి ఏడు లుంగీలు చింపి చుట్టాను. ఆయనే పట్టుకుని నిలబడ్డట్టు అనిపించింది. గుడ్డ చెమ్మను పట్టి ఉంచి, ఉప్పు లోపల్లోపలే తినేస్తుందని తట్టలేదు. కమ్మి పని చేసి బతికేదాన్ని, నాకు తట్టలేదు. నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు.

“నేనే సార్. తప్పు నాది, మా నాయనది కాదు. పెద్దాయన అర్జీలో రాసింది నిజం” అని అందరి ముందూ చెప్పాను.

ఇంజనీరు కింద పిల్లర్లు కూడా కొట్టి చూశాడు. అవి గట్టిగానే ఉన్నాయి. అయినా దరఖాస్తు కొట్టేయబోయాడు.

“కొట్టేయబాకండి సార్. తుప్పు కమ్మీలు కోసేసి, పిల్లర్లోకి డ్రిల్లు వేసి, పట్టి ఉంచే కెమికల్ పోసి కొత్తవి నాటుతాను. ఒకటి నాటి చూపిస్తా, లాగించండి. ఊడితే ఆ కాగితం నేనే చించేస్తాను.”

వారం గడువిచ్చాడు. మళ్లీ వచ్చి జాకీ పెట్టి లాగించాడు. మీటరు ముల్లు పైకి పోతూనే ఉంది, కమ్మి మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. జయరామయ్య కూడా వంగి చూశాడు. లేచి పంచె దులుపుకుని, “మా కొట్టానికి పిల్లర్లు పోయాలి, ఎప్పుడొస్తావు పాపా?” అన్నాడు.

“అర్జీ పెట్టుకో పెద్దాయనా, చూస్తాను” అన్నాను.

అనుమతి కాగితంలో మేస్త్రి పేరు దగ్గర కార్యదర్శి అలవాటు కొద్దీ ‘సమాధానం’ అని నాయన పేరు రాసేశాడు. ఇంజనీరు దాన్ని కొట్టేసి పైన ‘మెర్లిన్’ అని రాసి సంతకం చేశాడు. గీత కింద నాయన పేరు చక్కగా కనబడుతోంది. జిరాక్స్ తీసి ఇందులో పెట్టాను, చూడు.

నీలం గళ్ల లుంగీ, నువ్వు కొనిచ్చినది, చింపలేదు. పెట్టెలోనే ఉంది. మిగతావాటికి నన్ను తిట్టాలి నువ్వు. ఫోన్లో వద్దు. వచ్చి, పైగదిలో కూర్చుని తిట్టు.

ఇట్లు,
నీ పెద్దకూతురు,
కమ్మి మేస్త్రి మెర్లిన్