ఉప్పు వేయని పప్పు

షాంటిలీ,
ఫిబ్రవరి 2.

రేణుకి,

ముందు 'ప్రియమైన' అని రాసి కొట్టేశాను. కొట్టివేత కనిపించాలనే అలా ఉంచాను.

మీ ఎడిసన్ ఇంటి గృహప్రవేశం కార్డు మన ఎమ్మెస్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో చూశాను. నలభై మూడు మందికి కలిపి ఒకటే కార్డు. ఆ నలభై మూడు మందిలో నేనూ ఒకదాన్ని. మిస్సోరీలో రెండేళ్లు నీతో ఒకే పరుపు మీద, అదీ ఎవరో డంప్‌స్టర్ పక్కన పారేస్తే మోసుకొచ్చిన పరుపు మీద, ఒకే కంబళి లాక్కుంటూ పడుకున్నదాన్ని!

ఇరవై ఏళ్లుగా కడుపులో ఉన్నది ఇప్పుడు కక్కుతున్నాను. 2006 మార్చిలో ఉద్యోగం రాక నేను మూడు వారాలు మంచం పట్టాను. జ్వరం లేదు, నొప్పి లేదు. లేవాలనిపించదు, అంతే. అప్పుడు నువ్వేం చేశావు? ఒకరోజు పొద్దున కళ్ళు తెరిచేసరికి నీ సూట్‌కేసులు లేవు. న్యూజెర్సీ ఉద్యోగానికి చెప్పాపెట్టకుండా చెక్కేశావు. ఫ్రిజ్ మీద ఒక చీటీ. "కుక్కర్‌లో పప్పు ఉంది. ఉప్పు వేయలేదు. చూసుకో."

అంతే! 'వెళ్ళొస్తాను' లేదు, 'జాగ్రత్త' లేదు. మూడు వారాల తర్వాత నేను మొదటిసారి వంటింట్లో నిలబడింది ఆ దిక్కుమాలిన ఉప్పు కోసం. ఏడుస్తూ వెతికితే ఉప్పు డబ్బా మూత మీద మెయిల్‌బాక్సు తాళంచెవి కనిపించింది. మెట్లు దిగి వెళ్తే మా నాన్న ఉత్తరం. ఆ రోజు నుంచి రోజుకొకటి చొప్పున నలభై ఒక్క ఉత్తరాలు వచ్చాయి. నన్ను మంచం మీంచి లేపింది అవే. విజయవాడలో ఉన్న ఆయనకి నా బాధ తెలిసింది, పక్కనే పడుకున్న నీకు తెలియలేదు. రక్తసంబంధం అంటే అదీ!

నువ్వు పిరికిదానివి. స్వార్థపరురాలివి. నీ పులిహోర కూడా ఏమంత బాగుండేది కాదు. రెండేళ్లు అబద్ధం చెప్పాను.

ఇట్లు,
ఒకప్పటి నీ రూమ్మేట్
కనకదుర్గ

తా.క. ఆ చీటీ ఇంకా నా పాస్‌పోర్టు కవర్లోనే ఉంది. ఎందుకు దాచుకున్నానో అడక్కు.

*

ఎడిసన్,
ఫిబ్రవరి 9.

శ్రీమతి దుర్గమ్మ తల్లికి రేణు సాష్టాంగపడి రాయునది,

గృహప్రవేశానికి పిలిస్తే వచ్చేవాళ్ళు వస్తారు, రానివాళ్ళు గిఫ్ట్ కార్డు పంపుతారు. తిట్లు పంపినదానివి నువ్వొక్కదానివే. నీ కవరు సరిగ్గా శనివారం, పాలు పొంగించిన పూటే వచ్చింది. మన దుర్గ ఇన్నేళ్ళకి ఉత్తరం రాసిందని మురిసిపోయి అందరి ముందూ విప్పాను. మా అత్తగారు పైకి చదవమన్నారు. 'ప్రియమైన' అని కొట్టేసిన మాట కూడా కలిపి చదివాను. 'పిరికిదానివి' దగ్గరికి వచ్చేసరికి 'ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలి' అని ముగించేశాను.

పిరికిదాన్ని అన్నావు, ఒప్పుకుంటాను. లిఫ్ట్ ఎక్కాలంటే నాకు ఇప్పటికీ భయమే. స్వార్థపరురాలు అన్నావు, పోనీ అనుకున్నాను. పులిహోర జోలికి ఎందుకొచ్చావే? మూడోసారి వడ్డించుకుని, గిన్నె అడుగు గీకింది ఎవరు?

శనివారాలు మన క్లాసు దామోదర్ పాత కారు నలుగురం తోసి స్టార్ట్ చేసి, రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళి కరివేపాకు తెచ్చుకునేవాళ్ళం, గుర్తుందా? ఒక్కో తాలింపుకి ఒక్కో రెబ్బ అని నువ్వు ఫ్రిజ్ మీద రూలు రాసి పెట్టావు. ఇప్పుడు ఓక్ ట్రీ రోడ్డు మీద కరివేపాకు కట్టలు కట్టలు దొరుకుతుంది. కొన్న ప్రతిసారీ నిన్ను తలుచుకున్నాను. ఇకనుంచి తలుచుకోకుండా కొంటాను.

మీ నాన్నగారు, మా పాపయ్య బాబాయ్ గారు ఎలా ఉన్నారు? నీతో మాటల్లేవు గానీ, ఆయన క్షేమం మటుకు రాయి.

ఇట్లు,
పులిహోర రేణు

తా.క. కవరు మీద స్టాంపు కొలిచి అంటించినట్టు ఉంది. జిప్ కోడ్ కింద స్కేలు పెట్టి గీత కూడా గీశావు. ఒక మనిషిని తిట్టడానికి ఇంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు.

*

షాంటిలీ,
ఫిబ్రవరి 16.

రేణూ,

కొంప మునిగింది. ఆ ఉత్తరం నీకు చేరాల్సింది కాదు!

ఇంకా దాచుకోవడం ఎందుకు, చెప్పేస్తాను. మా కృతి కాలేజీకి వెళ్ళిపోయాక, ఈ చలికాలం నాకు మళ్ళీ ఆ మంచమే గతి అయింది. ఆఫీస్ మీటింగులు కెమెరా ఆపేసి దుప్పట్లోంచే. మా ఆయన కృష్ణమోహన్ హడలిపోయి థెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ అమ్మాయి పేరు మాయ. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. "ఆంటీ, మీరు చాలా పెయిన్ క్యారీ చేస్తున్నారు. దాన్ని కింద పెట్టాలి, ఓకే?" అంటుంది.

ఎవరి మీద కోపం ఉందో వాళ్ళకి చేత్తో ఉత్తరం రాయాలట. కవర్లో పెట్టి అడ్రసు కూడా రాయాలట. కానీ పంపకూడదట! పంపకపోవడమే వైద్యం. సరేనని రాసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. రెండు రోజులకి చూస్తే కవరు లేదు.

ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను వేయలేదు. నాన్న మా దగ్గరే ఉంటున్నారు, కులాసా. ఎనభై రెండేళ్ళ మనిషి, తన వాకింగేదో తన పేపరేదో, ఇంకే గొడవా పట్టదు. ఇక మిగిలింది కృష్ణమోహన్. "నేను కాదు మొర్రో! మన ఇంట్లో స్టాంపులు ఎక్కడుంటాయో కూడా నాకు తెలీదు" అంటాడు. దొంగలందరూ అలాగే అంటారు. వారం నుంచి ఆయనకి కాఫీ బంద్.

'నువ్వు ఇలా చేశావు' అని ఎవరినీ అనకూడదని, 'నాకు ఇలా అనిపించింది' అనాలని మాయ నేర్పింది. కాబట్టి మర్యాదగా రాస్తున్నాను. నువ్వు నన్ను వదిలేసి పారిపోయావని నాకు అనిపించింది. నీకు మనసు లేదని నాకు అనిపించింది. పులిహోరలో ఇంగువ ఎక్కువైందని నాకు అనిపించింది.

ఇట్లు,
అనిపించిన
దుర్గ

తా.క. నీ ఒక్కదాని మీదే కక్ష అనుకోకు. క్షమించాల్సిన వాళ్ళ లిస్టు రాయమంటే ముగ్గురిని రాశాను. మా పెద్దాడపడుచు, డ్రైవింగ్ టెస్టులో నన్ను ఫెయిల్ చేసిన పెద్దమనిషి, ఆ తర్వాతే నువ్వు.

*

ఎడిసన్,
ఫిబ్రవరి 23.

కనకదుర్గ గారికి,

మీ ఉత్తరం అందినది. ఇకమీదట ఉత్తరాలు వద్దు.

ఇట్లు,
రేణు

తా.క. డ్రైవింగ్ టెస్టు వాడి తర్వాతా నేను? వాడు నిన్ను పావుగంట చూశాడు. నేను రెండేళ్లు భరించాను.

మళ్ళీ తా.క. పైన రాసిన రెండు ముక్కలూ మా నిధి చెప్పి రాయించింది. నా కూతురు, సైకాలజీ చదువుతోంది. "మమ్మీ, షి ఈజ్ ట్రిగరింగ్ యూ. యూ నీడ్ బౌండరీస్" అంది. సరేనని బౌండరీ పెట్టాను. తా.క.లు దాని కిందికి రావు.

మళ్ళీ తా.క. మనిషిని చాటుగా తిట్టి, ఆ తిట్లు ఆ మనిషికి చేరకుండా దాచి, దాన్ని వైద్యం అంటారా? మన రోజుల్లో మొహం మీదే తిట్టుకుని, అరగంటలో అన్నానికి పిలుచుకునేవాళ్ళం.

మళ్ళీ తా.క. నన్ను క్షమిస్తావట! ఎవరు అడిగారు? ఆ మార్చిలో నీకు తెలియని సంగతి ఒకటి జరిగింది. అది చెప్తే నీ నోట మాట రాదు. కానీ చెప్పను. ఎదుటి మనిషి దగ్గర మాట తీసుకున్నదాన్ని, నేనే తప్పితే ఏం బాగుంటుంది?

ఆఖరి తా.క. మళ్ళీ మంచం పట్టానని రాశావు. నిజంగానేనా? తింటున్నావా దుర్గా?

*

షాంటిలీ,
మార్చి 4.

ప్రియమైన రేణూ,

కొట్టేయలేదు, చూసుకో.

నీ ఉత్తరం అన్నాలు తినేటప్పుడు అందరికీ చదివి వినిపించాను, నీ మీద చాడీ చెబుదామని. ఆ నాలుగో తా.క. దగ్గరికి రాగానే నాన్న పెరుగన్నం కలపడం ఆపేశారు.

"ఆ పిల్ల ఇంకా నీకు చెప్పలేదా?" అన్నారు.

"ఏంటి నాన్నా చెప్పేది?"

"నేనూ చెప్పకూడదమ్మా. మాటిచ్చాను."

లేచి చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళి, ఒక పాత డైరీ తెచ్చి, పేజీ తెరిచి నా కంచం పక్కన పెట్టారు. "నేనేం చెప్పడం లేదు. టేబుల్ మీద డైరీ మర్చిపోయి వాకింగ్‌కి వెళ్తున్నాను" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆయన రాసుకున్నది మక్కీకి మక్కీ ఇక్కడ దింపుతున్నాను.

"2006 మార్చి 8. అమెరికా నుంచి రేణు ఫోను. మన దుర్గ వారం నుంచి మంచం దిగడం లేదట. తను చెప్పినట్టు దుర్గకి తెలియకూడదట, తెలిస్తే నామోషీ పడుతుందట. మాటిచ్చాను. ఉత్తరాల పెట్టె మేడ కింద ఉంటుందట, ముప్పై ఎనిమిది మెట్లు. రోజుకొక ఉత్తరం వేస్తాను. దానికోసమైనా దిగుతుంది."

"మార్చి 21. రేణు ఫోను. మొదటి ఉత్తరం పెట్టెలోకి వచ్చిందట. అది వచ్చేదాకా ఉండాలని ఉద్యోగంలో చేరడం పది రోజులు వెనక్కి జరుపుకుందట. ఇక జరపరట. ఏడ్చింది. మొహం చూస్తే వెళ్ళబుద్ధి కాదట, దుర్గ లేవకముందే వెళ్తుందట. పప్పు వండి ఉప్పు వేయకుండా ఉంచుతుందట. డబ్బా మీద పెట్టె తాళంచెవి పెడుతుందట. ఉప్పు కోసమైనా లేస్తుందట."

రేణూ, నాకు ఏడుపు ఆగలేదు. ఇప్పుడూ రాయలేకపోతున్నాను. ఆ ఉప్పుకి ఇరవై ఏళ్లు నిన్ను తిట్టుకున్నానే!

నాన్న ప్రతి ఉత్తరం చివర ఏదో ఒక పని పెట్టేవారు. కిటికీ తెరిచి ఎదురుగా ఏ చెట్టు ఉందో చూసి రాయమనేవారు. కింద ఇంటావిడ పేరు కనుక్కుని రాయమనేవారు. ఆవిడ పేరు అడగాలంటే తల దువ్వుకోవాలి కదా. అలా తల దువ్వుకుని, స్నానం చేసి, చివరికి ఇంటర్వ్యూకి వెళ్ళాను. రిటైరై తోచక రాస్తున్నారనుకున్నాను.

డైరీ మాయకి చూపించాను. ఆ పిల్ల కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆంటీ, దీన్నే మేము బిహేవియరల్ యాక్టివేషన్ అంటాము. చిన్న చిన్న పనులతో మనిషిని లేపడం" అంది. ఇంటికొచ్చి నాన్నకి చెప్తే, "అలాగా? మేం టపా అనేవాళ్ళం" అన్నారు.

ఇంకో సంగతి. నీ మొదటి జవాబు వచ్చినప్పటి నుంచి నేను రోజూ పొద్దున్నే లేచి, స్నానం చేసి, పదకొండున్నరకల్లా మెయిల్ వ్యాన్ కోసం కాచుక్కూర్చుంటున్నాను. అంతా కోపంతోనే. కృష్ణమోహన్ వేలెత్తి చూపించేదాకా నాకు తట్టనే లేదు. ఆయనకి కాఫీ మళ్ళీ ఇస్తున్నాను, రోజుకి రెండుసార్లు, చేతులు జోడించి. పాపం, ఆ కవరు వేసింది ఆయన కాదు. ఎవరో కింద చదువు. నాన్న కాస్త చోటు అడిగారు.

శనివారం ముగ్గురం ఎడిసన్ వస్తున్నాం. పులిహోర చెయ్యి. బాగుండేదే. నిజం.

ఇట్లు,
నీ
దుర్గ

తా.క. చిరంజీవి రేణుకి పాపయ్య ఆశీస్సులు. అడ్రసు రాసిన కవరు రెండు రోజులు కదలకుండా బల్ల మీద పడి ఉంటే, ముప్పై నాలుగేళ్ళు రైళ్ళలో ఉత్తరాలు సార్టింగ్ చేసినవాడు చూస్తూ ఊరుకోలేడు. స్టాంపు నాదే. జిప్ కోడ్ సరిగా కనబడటం లేదని గీత గీశాను. లోపల ఏముందో చూడలేదు, మా సర్వీసులో చూడకూడదు. పైన నీ పేరు చూశాను. మా అమ్మాయి మళ్ళీ మంచం పట్టింది, పోయినసారి లేపినదానివి నువ్వే. చెప్పనని మాటిచ్చాను గానీ, పోస్టు చేయనని ఇవ్వలేదు కదమ్మా.