కూలి రాని గంట

పాప వాళ్ళ నాన్నగారికి,

నేను కులాసాగానే ఉన్నాను, దిగులుపడకండి. మా రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనివాళ్ళ మీద పెట్టే ఖర్చు పెరిగిపోయిందని వచ్చే నెల నుంచి గంట కూలి తగ్గిస్తారట. నిన్న కొత్త రైలును నడిపి చూడడానికి బయటి పట్టాల మీదికి తీశారు. "ఎక్కాలనుకున్నవాళ్ళు ఎక్కండి, కానీ ఈ గంటకు కూలి రాదు" అన్నాడు మేస్త్రీ. "నువ్వెక్కడ ఎక్కుతావులే, పిసినారీ!" అని నాతో పాటు అద్దాలు బిగించే అక్క నవ్వింది. అందరికంటే ముందు నేనే ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాను. బండి కదలగానే మీ దగ్గరికే వస్తున్నట్టు అనిపించింది. అంతలోనే సిగ్నల్ దగ్గర ఆగి వెనక్కి మళ్ళింది. "ఏమే, కూలి పోయిందని ఏడుస్తున్నావా?" అంది అక్క. అవునన్నాను.

పాపకు దగ్గు తగ్గిందా? వంటగది కప్పు ఇంకా కారుతోందా? రాత్రిళ్ళు మిషన్ కుట్టి కళ్ళు పాడుచేసుకోకండి. పాపకు ముద్దులు, అత్తయ్యగారికి నమస్కారాలు.

చోటు లేక అంచున రాస్తున్నాను. కూలి తగ్గినా ఉండమంటారా, వచ్చేయమంటారా? తీరిక లేకపోతే "రా" అని ఒక్క అక్షరం రాయండి, చాలు.